కోర్టు మాట్లాడవద్దంది, ఇక నా నోటికి తాళమేనా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్‌ని. మా వారు పోయాక చేతికొచ్చిన డబ్బుతో హైదరాబాద్ శివార్లలో ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు బుక్ చేశాను. నాలుగేళ్లయింది. రోడ్లు వేయలేదు, కరెంటు స్తంభాలు పాతలేదు, రిజిస్ట్రేషన్ చేయడం లేదు. డబ్బు వెనక్కి అడిగితే రేపు, మాపు అంటున్నారు. నాలాంటి వాళ్లం డెబ్బై మందిమి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. నేను ఫేస్‌బుక్‌లో రెండు పోస్టులు రాశాను. మొదటి దాంట్లో ఎప్పుడు ఎంత కట్టానో, వాళ్లు ఏం చెప్పారో, సైటు ఇప్పుడెలా ఉందో ఫొటోలతో పెట్టాను. రెండో దాంట్లో కోపం ఆపుకోలేక 'దొంగ కంపెనీ, ఎవరూ నమ్మొద్దు' అన్నాను. దాంతో వాళ్లు నా మీద పరువు నష్టం దావా వేశారు. నాకు ఒక్క మాట చెప్పకుండానే కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చుకున్నారు. వాళ్ల పరువుకు భంగం కలిగించేది ఏదీ, ఏ మాధ్యమంలోనూ రాయకూడదట, చెప్పకూడదట. ఆ రెండు పోస్టులూ వారంలోగా తీసేయాలట. వాయిదా మూడు వారాల తర్వాత ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి 'అమ్మా, ఏ కోర్టూ మనిషి నోరు మూయించలేదు, పోస్టులు తీయకు' అంటున్నాడు. మా తమ్ముడేమో 'ఇక ఎవరితోనూ ఏమీ మాట్లాడకు, క్రిమినల్ కేసు కూడా పెడితే బెయిల్ ఇచ్చేటప్పుడు కూడా నోరు కట్టేస్తారు' అని భయపెడుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు 'నిజం చెప్పడానికి భయపడకండి' అని చెప్పిన నేను ఇప్పుడు ఫోను పట్టుకోవాలంటేనే భయపడుతున్నాను. నేనేం చేయాలి?

సమాధానం:

టీచర్ గారూ, ముందు ఈ రోజు చేయాల్సిన పని చెప్తాను. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఆ రెండు పోస్టులూ కోర్టు ఇచ్చిన గడువు దాటకముందే తీసేయండి. మీకిది కష్టంగా ఉంటుందని తెలుసు. రాసింది నిజమైనప్పుడు దాన్ని మన చేత్తో మనమే చెరిపేయడం కన్నా బాధ ఇంకోటి లేదు. అయినా తీయాలి. ఆర్డరు సరైనదా కాదా అని తేల్చాల్సింది కోర్టే. అది రద్దయ్యేదాకా అమల్లో ఉన్నట్టే లెక్క. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 39, రూల్ 2ఎ అని ఒకటుంది (ఇక్కడ 'ఆర్డర్' అంటే ఆ కోడ్‌లోని ఒక అధ్యాయం లాంటిది). ఇంజంక్షన్ తెలిసి కూడా ఉల్లంఘించిన వాళ్ల ఆస్తిని అటాచ్ చేయవచ్చని, మూడు నెలల వరకు సివిల్ జైలులో పెట్టవచ్చని అందులో ఉంది. రేపు ఆ ఆర్డరు తప్పని తేలినా, అమల్లో ఉన్న రోజుల్లో దాన్ని ధిక్కరించినందుకు మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి. 'మా మీద వేసిన ఆర్డరు సరైనది కాదు, ఎత్తేయండి' అని అడగడానికి మీరు కోర్టులో నిలబడినప్పుడు, 'ముందు మీరు మా మాట విన్నారా' అని జడ్జిగారు అడిగితే 'విన్నానండీ' అనగలగాలి. ఆ ఒక్క మాట మీకు కొండంత బలం.

అయితే తీసే ముందు వాటిని భద్రపరచండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. కంగారులో డిలీట్ నొక్కేస్తారు. ఆర్నెల్లకు సాక్ష్యం చెప్పేటప్పుడు అసలు తాము ఏం రాశారో చూపించలేక ఇబ్బంది పడతారు. అవతలి వాళ్లు మీ పోస్టులో ముక్క కత్తిరించి కోర్టులో పెట్టి ఉండొచ్చు. పూర్తి పోస్టు, తేదీ, సమయం, లింకు, కింద జనం రాసిన కామెంట్లు అన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. కంప్యూటర్‌లో తెరిచి ప్రింటు కూడా తీయించండి. కామెంట్లలో 'మాకూ ఇలాగే జరిగింది' అన్నవాళ్లు ఉంటే వాళ్లే రేపు మీ సాక్షులు కావచ్చు. ఆ ఫోను అమ్మేయకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. మునుపు 65బి సర్టిఫికెట్ అనేవాళ్లే, అదే ఇది. మీ లాయరు తయారు చేస్తారు.

పోస్టులు తీసేశాక, తీసేశానని చెబుతూ మీ లాయరు చేత కోర్టులో ఒక మెమో వేయించండి. ఆర్డరుకు కట్టుబడి తీశానే తప్ప రాసింది తప్పని ఒప్పుకుని కాదని, నా వాదనలన్నీ వినిపించే హక్కు వదులుకోవడం లేదని అందులో స్పష్టంగా ఉండాలి.

ఇప్పుడు ఆ ఆర్డరు కాగితం తీసి, మీరు పిల్లల జవాబు పత్రాలు దిద్దినట్టు ఒక్కో మాటా చదవండి. మీ ఉత్తరంలో ఒకచోట 'పరువుకు భంగం కలిగించేది' అని రాశారు. మీ తమ్ముడు దాన్ని 'ఎవరితోనూ ఏమీ' అని అర్థం చేసుకున్నారు. ఈ రెంటికీ మధ్య నేలకూ నింగికీ ఉన్నంత దూరం ఉంది. ఆర్డరు ఏది వద్దందో అదే వద్దు. అది వద్దనని దాన్ని భయంతో మీరే వదిలేసుకుంటే, కోర్టు మూయని తలుపును మీరు మూసుకున్నట్టు. పరువు నష్టం దావా వేసేవాళ్లలో కొందరికి కావాల్సిందీ అదే. వాళ్లకు తీర్పు అక్కర్లేదు, మీ భయం చాలు.

మీ లాయరుతో మీరు ఏదైనా మాట్లాడవచ్చు, దానికి హద్దు లేదు. కోర్టులో వేసే కౌంటర్‌లో (జవాబులో), అఫిడవిట్‌లో కంపెనీ మీకు చేసిందంతా రాయవచ్చు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, అదే తెలంగాణ రెరాలో ఫిర్యాదు చేయవచ్చు. ప్లాట్ల వెంచర్లు కూడా 2016 నాటి రెరా చట్టం కిందకే వస్తాయి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒప్పందం ప్రకారం ప్లాటు అప్పగించకపోతే కట్టిన డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడిగే హక్కు సెక్షన్ 18 ఇస్తుంది. రెరా తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టు తలదూర్చకూడదని సెక్షన్ 79 చెబుతుంది. కొనుగోలుదారులు సంఘం పెట్టుకోవడం కూడా తప్పేమీ కాదు. అందులో పాలుపంచుకోవాలని ఆ చట్టమే సెక్షన్ 19లో చెబుతోంది. కాబట్టి మీ డెబ్బై మంది గ్రూపు గురించి వాళ్లు కోర్టులో 'కుట్ర' అని రాసినా బెదరకండి.

పోలీసు స్టేషన్‌కు వెళ్లవచ్చా అని మీ తమ్ముడికి సందేహం ఉండొచ్చు. వెళ్లవచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 41 ఒకసారి చదవమని మీ లాయరుతో చెప్పండి. క్రిమినల్ వ్యవహారంలో కేసు పెట్టకుండా, నడపకుండా ఎవరినీ ఇంజంక్షన్‌తో ఆపకూడదని, చట్టసభకు విన్నవించుకోకుండా కూడా ఆపకూడదని అందులో ఉంది. అధికారం ఉన్నవాళ్లకు సదుద్దేశంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద ఉన్న మినహాయింపుల్లో ఒకటి చెబుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఫిర్యాదు ఇచ్చి, దాని ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టకండి. స్టేషన్‌లో ఇచ్చిన కాగితం ఫిర్యాదే. అదే కాగితం గోడ మీద అతికిస్తే ప్రచారం అవుతుంది, వాళ్లకు ధిక్కార పిటిషన్ వేసే అవకాశం దొరుకుతుంది.

ఇక వాట్సాప్ గ్రూపు. అది ఇంట్లో మాటా కాదు, ఊళ్లో మాటా కాదు, మధ్యలో వేలాడే వ్యవహారం. డెబ్బై మందిలో ఒకరు కంపెనీ మనిషి అయి ఉండొచ్చు. లేకపోయినా స్క్రీన్‌షాట్‌కు కాళ్లుంటాయి. అందుకే వాయిదా దాకా అక్కడ కంపెనీ మీద అభిప్రాయాలు రాయకండి. 'రెరాలో ఫిర్యాదు వేస్తున్నాం, మీ రసీదులు, అగ్రిమెంట్ కాపీలు పంపండి' అని రాయండి. అది పని మాట, దాంట్లో ఎవరి పరువూ పోదు.

మిగతా అరవై తొమ్మిది మంది సంగతి. ఆర్డరు ఎవరి మీద ఇచ్చారో వాళ్లకు, వాళ్ల తరఫున పనిచేసేవాళ్లకు వర్తిస్తుంది. దావాలో ప్రతివాదిగా లేనివాళ్లు తమ అనుభవం తాము చెప్పుకోవచ్చు. కానీ మీరు రాసిచ్చి వాళ్ల చేత పెట్టించకండి. అది ఆర్డరును పక్కదారిలో తప్పించుకోవడమే అవుతుంది, తెలిసిపోతుంది కూడా. కొన్నిసార్లు పేరు తెలియని వాళ్లందరినీ కలిపి కూడా ఇలాంటి ఆర్డర్లు తెచ్చుకుంటారు. మీ కాగితంలో అలాంటి వాక్యం ఉందేమో చూడండి. లేకపోతే మిగతావాళ్లలో గట్టిగా మాట్లాడే నలుగురైదుగురి చేత సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయించండి. కేవియట్ వేసి ఉంటే వాళ్లకు కబురు చేయకుండా కోర్టు ఆర్డరు ఇవ్వదు. అది 90 రోజులు ఉంటుంది, అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. మీకు జరిగింది వాళ్లకు జరగకుండా ఆపే మార్గం ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. నా నోటికి తాళమేనా అని అడిగారు.

రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ మీకు మాట్లాడే హక్కు ఇచ్చింది. 19(2) దానికి కొన్ని హద్దులు పెట్టింది. పరువు నష్టం, కోర్టు ధిక్కారం ఆ హద్దుల్లో ఉన్నాయి. కాబట్టి పరువు నష్టం దావాలో కోర్టు మీ మాటను ఆపే అవకాశమే లేదని చెప్పలేను. మరి ఆ ఆర్డరు నా ప్రాథమిక హక్కును తొక్కేసిందని నేరుగా పైకోర్టులో రిట్ (ప్రాథమిక హక్కు కాపాడమని వేసే పిటిషన్) వేయవచ్చా? దీనికి 1966లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. బొంబాయి హైకోర్టులో ఒక పత్రిక మీద పరువు నష్టం కేసు నడుస్తుండగా, ఒక సాక్షి చెప్పింది పత్రికల్లో వేయవద్దని జడ్జి నోటిమాటగా ఆదేశించారు. మిరాజ్కర్ అనే విలేకరి, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. తొమ్మిది మంది జడ్జీలు విన్నారు. ఇద్దరి మధ్య వివాదంలో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రాథమిక హక్కును ఉల్లంఘించిందని రిట్ వేయడం కుదరదని, తప్పుంటే అప్పీలులో సరిచేసుకోవాలని మెజారిటీ తేల్చింది. ఆ తీర్పు నాకు నచ్చిందా అంటే, నచ్చలేదు. ఒక సాక్షి వ్యాపారం పాడవుతుందని దేశమంతటి చెవులు మూయడం ఎక్కడి న్యాయం అనిపిస్తుంది. కానీ అది నేటికీ చట్టమే. కాబట్టి మీ దారి రిట్ కాదు, అదే కోర్టులో ఆర్డరు ఎత్తేయమని అడిగే వెకేట్ పిటిషన్, లేదంటే పైకోర్టులో అప్పీలు.

ఆ దారిలో మీకు గట్టి ఆసరా ఉంది. 2024 ఫిబ్రవరిలో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ జీ కంపెనీ గురించి ఒక కథనం వేసింది. ఢిల్లీలోని కింది కోర్టు మార్చి 1న దాన్ని వారంలోగా తీసేయమంది. మీకు ఇచ్చినలాంటి గడువే. హైకోర్టు దాన్ని సమర్థించింది. మార్చి 22న సుప్రీంకోర్టు ఆ రెండు ఆర్డర్లనూ కొట్టేసింది. కింది కోర్టు కారణాలేవీ సరిగ్గా చెప్పకుండా 'ప్రాథమికంగా కేసు ఉంది' అని యాంత్రికంగా రాసేసిందని తప్పుపట్టింది. విచారణకు ముందే ఒక రాతను ఆపేయడం, ఆరోపణ రుజువు కాకుండానే దానికి మరణశిక్ష వేయడం లాంటిదని అంది. ప్రతివాది వాదన విచారణలో నిలబడదని ఖాయంగా తెలిస్తే తప్ప ఇలాంటి ఇంజంక్షన్ ఇవ్వకూడదని చెప్పింది. ఇది కొత్తగా పుట్టిన సూత్రమేమీ కాదు. 1891లో బానర్డ్ వర్సెస్ పెరీమన్ కేసులో ఇంగ్లండ్ కోర్టు చెప్పిన మాటే. 'నేను రాసింది నిజం, రుజువు చేస్తాను' అని ప్రతివాది నిలబడితే, విచారణ జరిగి అబద్ధమని తేలేదాకా ఆ నోరు మూయకూడదు. అబద్ధమని తేలితే నష్టపరిహారం ఎలాగూ కట్టిస్తారు కదా, ముందే నోరు కట్టడం ఎందుకు అన్నది దాని వెనకున్న ఆలోచన.

డబ్బున్నవాళ్లు ఇలాంటి దావాలను జనాన్ని అలసిపోయేలా చేసే ఆయుధంగా వాడుకుంటారని కూడా ఆ తీర్పులో సుప్రీంకోర్టు గుర్తుచేసింది. ఏళ్ల తరబడి సాగే దావాలో తాత్కాలిక ఆర్డరే శాశ్వతమైపోతుంది. మీకు అరవై దాటి ఉంటాయి. ఈ కేసు తేలేసరికి ఎన్నేళ్లవుతుందో నేను ఊహించుకోగలను. ఆ లోపల ఆ వెంచర్‌లో ఇంకెంతమంది రిటైర్మెంట్ డబ్బు పోస్తారో అది కూడా ఊహించుకోగలను. మీ మాట ఆగితే నష్టపోయేది మీరొక్కరే కాదు. వెకేట్ పిటిషన్‌లో ఈ సంగతి తప్పకుండా రాయించండి. 'బ్యాలెన్స్ ఆఫ్ కన్వీనియన్స్' అని కోర్టులో అంటారే, ఎవరికి ఎక్కువ కష్టం అని తూచేది, ఆ తక్కెడలో మీ వైపు ఈ కొత్త కొనుగోలుదారులు కూడా ఉన్నారు.

'అది పత్రికల గురించి ఇచ్చిన తీర్పు, ఈవిడ విలేకరి కాదు' అని అవతలి లాయరు అనవచ్చు. మన రాజ్యాంగంలో పత్రికలకు వేరే హక్కు రాసి లేదు. పత్రికా స్వేచ్ఛ పుట్టింది మీకున్న 19(1)(ఎ)లోంచే. పౌరుడికి లేనిది పత్రికకు ఎక్కడి నుంచి వస్తుంది?

వెకేట్ పిటిషన్ ఆర్డర్ 39, రూల్ 4 కింద వేస్తారు. దాంట్లో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. అవతలి పక్షానికి నోటీసు లేకుండా ఆర్డరు తెచ్చుకున్నవాళ్లు ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధం చెప్పినా, తప్పుదోవ పట్టించినా కోర్టు ఆ ఆర్డరును తీసేయాలి. తీసేయకపోతే ఎందుకో కారణం రాయాలి. కాబట్టి వాళ్ల అఫిడవిట్ తెప్పించుకుని మీ రసీదులు పక్కన పెట్టుకుని చదవండి. 'ఈమె మా కస్టమరే కాదు' అన్నారా? 'పనులన్నీ పూర్తయ్యాయి' అన్నారా? మీరు డబ్బు వెనక్కి అడుగుతూ పంపిన మెసేజ్‌ల సంగతి దాచారా? ఏది దొరికినా అది మీ పిటిషన్‌లో మొదటి పేరా కావాలి. అలాగే నోటీసు లేకుండా ఆర్డరు ఇచ్చినప్పుడు దావా కాగితాలు, డాక్యుమెంట్లు వెంటనే మీకు పంపి, పంపినట్టు ఆ రోజో మర్నాడో వాళ్లు అఫిడవిట్ వేయాలని రూల్ 3 చెబుతుంది. వేశారా లేదా మీ లాయరును కేసు ఫైలులో చూడమనండి. ఇలా ఇచ్చిన ఇంజంక్షన్ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని రూల్ 3ఎ. వాయిదాల మీద వాయిదాలు పడి ఆ గడువు దాటితే, ఆర్డర్ 43 కింద అప్పీలుకు వెళ్లవచ్చని 2000 సంవత్సరంలో వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పనిలో పడి అసలు దావాకు రాతపూర్వక జవాబు వేయడం మరిచిపోకండి. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 దాకా.

లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. అదేదో దానం అనుకుని మొహమాటపడకండి, మీ హక్కు అది.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ మొదటి పోస్టును నేను ఎక్కడైనా సమర్థిస్తాను. తేదీలు, రసీదులు, ఫొటోలు ఉన్నాయి. రెండో దాంట్లోని 'దొంగ' అనే మాట మాత్రం మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది, మీ స్థానంలో ఉంటే అంతకన్నా పెద్ద మాటే వచ్చేది. కానీ 'రిజిస్ట్రేషన్ చేయలేదు' అన్నది కాగితంతో రుజువయ్యే వాస్తవం. 'దొంగ' అన్నది నేరం మోపే మాట. దాన్ని నిజమని రుజువు చేయాలంటే వాళ్ల మనసులో మొదటి నుంచీ మోసం ఉందని చూపించాలి. అవతలి లాయరు వాదన అంతా ఆ ఒక్క మాట మీదే నడిపి, మొదటి పోస్టులోని ఫొటోల వైపు జడ్జిగారి కన్ను పడకుండా చూస్తారు. అందుకే వెకేట్ పిటిషన్‌లో ఇంకో ప్రత్యామ్నాయం కూడా అడగమని నా సలహా. ఆర్డరు పూర్తిగా తీసేయకపోతే, కనీసం మార్చమనండి. దూషణలు రాయవద్దంటే రాయను, నేను కట్టిన డబ్బు గురించి, సైటు పరిస్థితి గురించి, కేసుల గురించి వాస్తవాలు చెప్పుకునే వీలు ఇవ్వండి అని అడగండి. మర్యాదగా, నికరంగా అడిగిన ఈ మాటను కాదనడం ఏ జడ్జికీ అంత తేలిక కాదు. ఈ కాస్త వెసులుబాటు దొరికినా మీకు కావాల్సింది చాలావరకు దొరికినట్టే.

మీ అబ్బాయి సంగతి. ఆయన ఉన్న దేశం వరకు ఆయన మాట సగం నిజం. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు అచ్చం మీలాంటి కేసే వచ్చింది. షికాగోలో ఆస్టిన్ అనే పేటవాళ్లు, ఒక రియల్ ఎస్టేట్ బ్రోకరు తీరును తప్పుపడుతూ అతను ఉండే ఊళ్లో కరపత్రాలు పంచారు. ఆయన కోర్టుకెళ్లి పంచకుండా ఆర్డరు తెచ్చుకున్నాడు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడ ముందస్తుగా నోరు మూయించే ఆర్డరు నిలబడటం చాలా కష్టం. కానీ క్రిమినల్ విచారణలో ముద్దాయి మాటకు అక్కడా హద్దులు పెడతారు. మాజీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ట్రంప్ మీద న్యూయార్క్‌లో కేసు నడిచింది కదా. సాక్షుల గురించి, జ్యూరీ సభ్యుల గురించి మాట్లాడవద్దని జడ్జి ఆంక్ష పెట్టారు. దాన్ని మీరినందుకు 2024 ఏప్రిల్‌లో తొమ్మిది ఉల్లంఘనలకు తొమ్మిది వేల డాలర్లు, మే నెలలో ఇంకోదానికి వెయ్యి డాలర్లు జరిమానా వేశారు. ఆయన మీదే వాషింగ్టన్‌లో ఉన్న ఇంకో కేసులోనైతే కింది కోర్టు పెట్టిన ఆంక్షను 2023 డిసెంబరులో అప్పీలు కోర్టు ఉంచుతూనే బాగా కుదించింది. సాక్షులను కాపాడటానికి ఎంత అవసరమో అంతే, మిగతా మాట ముద్దాయి హక్కు అన్నట్టుగా. మీ అబ్బాయికి చెప్పండి, అక్కడ కూడా పోరాటం పైకోర్టులోనే జరిగింది. ఆర్డరును లెక్కచేయకపోయినందుకు మాత్రం జరిమానానే పడింది.

మీ తమ్ముడి భయం పూర్తిగా లేనిది కాదు, అంత పెద్దదీ కాదు. మీ మీద క్రిమినల్ పరువు నష్టం కేసు వేసినా అది బెయిలబుల్ నేరం, బెయిల్ అక్కడ హక్కు. ఇక పెద్ద కేసుల్లో బెయిల్ షరతుగా నోరు కట్టేయమని పోలీసులు అడగడం ఉంది. 2022 జులైలో జర్నలిస్టు మహమ్మద్ జుబేర్‌కు బెయిల్ ఇస్తున్నప్పుడు ఆయన ట్వీట్లు చేయకుండా ఆపమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అడిగింది. లాయరును వాదించవద్దన్నట్టు ఉంటుందని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చంద్రబాబు నాయుడి స్కిల్ డెవలప్‌మెంట్ కేసు మనందరికీ గుర్తే. 2023 నవంబరులో ఆయన సభలు, ర్యాలీలు పెట్టుకోవడానికి సుప్రీంకోర్టు అడ్డు చెప్పలేదు, కేసు గురించి మాత్రం బయట మాట్లాడవద్దంది. మరోవైపు 2025 మేలో ప్రొఫెసర్ అలీ ఖాన్ మహమూదాబాద్‌కు తాత్కాలిక బెయిల్ ఇస్తూ, కేసుకు కారణమైన పోస్టుల విషయంపై రాయవద్దని అదే సుప్రీంకోర్టు షరతు పెట్టింది. అంటే కోర్టుల తీరు అన్నిచోట్లా ఒకేలా లేదు. నాకైతే జుబేర్ కేసులో చెప్పిన మాటే సరైనదనిపిస్తుంది. నేరం రుజువు కాని మనిషి నోటిని బెయిల్‌కు వెలగా తీసుకోవడం తప్పు.

పైకోర్టులు ఇలాంటి ఆంక్షలను తీసేయడం మన దగ్గరా జరిగింది. అమరావతి భూముల కేసులో మాజీ అడ్వకేట్ జనరల్ మీద పెట్టిన ఎఫ్ఐఆర్ వివరాలు ఎవరూ ప్రచురించవద్దని 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. మూడు నెలలు తిరక్కుండానే ఆ ప్రచురణ నిషేధంపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

చివరగా, వాయిదా రోజున మీకు ఎదురయ్యే ఒక ఉచ్చు గురించి. కోర్టు హాలు బయట అవతలి లాయరు నవ్వుతూ వచ్చి, 'అమ్మా, ఇకపై కంపెనీ గురించి ఏమీ మాట్లాడనని ఒక అండర్‌టేకింగ్ (హామీపత్రం) ఇవ్వండి, దావా ముగిద్దాం' అంటారు. అలసిపోయి ఉన్న మనిషికి అది తీపి కబురులా వినిపిస్తుంది. ఆర్డరును కోర్టు మార్చగలదు, ఎత్తేయగలదు. మీరుగా ఇచ్చిన మాట అలా కాదు. అది రికార్డులోకి ఎక్కితే దాంట్లోంచి బయటపడటం చాలా కష్టం, తప్పితే ధిక్కారం. మీ డబ్బు వెనక్కి రాకుండా, ఎన్నాళ్లో రాసి లేకుండా, రెరాకు వెళ్లే హక్కు ఉంటుందని స్పష్టంగా లేకుండా అలాంటి కాగితం మీద సంతకం చేయకండి. వాళ్లు రాజీకి వస్తే రానివ్వండి, కానీ డబ్బు చేతికొచ్చాకే సంతకం. ఆ రోజు ఒంటరిగా వెళ్లకండి. గ్రూపులోంచి ఇద్దరిని తోడు తీసుకెళ్లండి.

భయపడుతున్నానని రాశారు. మొదటిసారి కోర్టు నోటీసులు అందించే అమీనా ఇంటికొచ్చి ఆ కాగితం చేతిలో పెట్టినప్పుడు భయపడని మనిషిని నేను చూడలేదు. మీరు ఫేస్‌బుక్‌లో ఆపిన మాటను మూడు వారాల్లో జడ్జిగారి ముందు, ప్రమాణం చేసిన అఫిడవిట్‌లో చెప్పబోతున్నారు. మీ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, సైటు ఫొటోలు, వాళ్లు పంపిన బ్రోచర్ అన్నీ తేదీల వరుసలో పెట్టి, మూడు సెట్లు జిరాక్స్ తీయించి ఈ వారమే మీ లాయరుకు ఇవ్వండి. బ్రోచర్ మాత్రం ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. రోడ్లు, కరెంటు, రిజిస్ట్రేషన్ ఎప్పటికల్లా ఇస్తామన్నారో వాళ్లే అచ్చువేసి ఇచ్చిన కాగితం అది.